కనుబొమలు లాకర్లో పెట్టిన రోజులు

మిషిగన్‌లో ఉద్యోగంలో చేరిన మూడో వారమే నా తలకాయ మీద ఫిర్యాదు వచ్చింది. తలకాయంటే నిజంగా తలకాయే. నేను రిహాబ్ సెంటర్లో ఫిజియోథెరపిస్టుని. స్ట్రోకు వచ్చినవాళ్ళని, తుంటి విరిగినవాళ్ళని మళ్ళీ లేపి నడిపించడం మా పని. ఒకరోజు ఒక పెద్దావిడని వీల్‌చైర్‌లోంచి లేపబోతుంటే మా మేనేజరు వెనక నుంచి బ్రేకులు వేశావా అని అడిగాడు. వేశాను. వేశానని తల ఊపాను, మనమంతా ఊపినట్టే, ఆ పక్కకీ ఈ పక్కకీ. ఆయన నా మొహంలోకి ఒక్క క్షణం చూసి, గబగబా వచ్చి, వంగి, రెండు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి బ్రేకులు తనే చూసుకున్నాడు.

అలా మూడుసార్లు జరిగాక నాకు ఈమెయిల్ వచ్చింది. చాలా మర్యాదగా రాశాడు. పేషెంట్ల భద్రత గురించి అడిగినప్పుడు జవాబు స్పష్టంగా ఉండాలనీ, నా తల కదలిక అవునో కాదో తనకి తెలియడం లేదనీ. నాకు ఒళ్ళు మండిపోయింది. అప్పటికి నాకు ఇరవై ఏడేళ్ళు. నేను తల ఊపితే అర్థం కాని మనిషిని అంతవరకూ చూడలేదు. తెనాలిలో మా వీధికి వచ్చే కూరగాయలమ్మి దగ్గర్నుంచి నాకు వైవా పెట్టిన ప్రొఫెసరు దాకా అందరికీ అర్థమైంది, ఈయనకేమొచ్చిందని సాయంత్రం మా ఆయన ముందు గంటసేపు ఎగిరాను. ఆయన అంతా విని, నిజమేనన్నట్టు తల ఊపాడు. అదీ ఆ పక్కకీ ఈ పక్కకీనే.

నన్ను ఆ గండం నుంచి బయటపడేసింది మా సెంటర్లో ఒక ఫిలిపినో నర్సు. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చి అప్పటికే ముప్పై ఏళ్ళయింది. మా అంతస్తులో నర్సులందరికీ పెద్ద. ఐదడుగులు కూడా ఉండదు గాని, ఆవిడ నడిచి వస్తుంటే కారిడార్లో డాక్టర్లు కూడా కాస్త సర్దుకుని నిలబడేవారు. ఆవిడని అక్కడ అందరూ ఆతే అని పిలిచేవారు. వాళ్ళ భాషలో అక్క అని అర్థం. అమెరికన్లు అదే ఆవిడ పేరనుకున్నారు, ఆవిడ కూడా కాదని ఎవరికీ చెప్పలేదు. నేను మాత్రం అర్థం తెలిసే పిలిచేదాన్ని. పరాయి ఊళ్ళో అక్కా అని పిలవడానికి ఒక మనిషి దొరకడం ఎంత ధైర్యమో అప్పట్లో నాకు బాగా తెలుసు.

నాకొచ్చిన ఈమెయిల్ చదివి ఆతే పడీ పడీ నవ్వింది. తర్వాత తన కథ చెప్పింది. వాళ్ళ దేశంలో అవునని చెప్పడానికి నోరు తెరవక్కర్లేదట. కనుబొమలు ఒక్కసారి పైకెత్తి దించితే చాలు. తిన్నావా అంటే కనుబొమలు. వస్తావా అంటే కనుబొమలు. వీధికి అవతల పక్కనున్న స్నేహితురాలిని పలకరించడానికీ అవే. ఇక్కడికొచ్చిన కొత్తలో, వేరే ఊళ్ళో ఒక ఆసుపత్రిలో, పేషెంటుకి మందు ఇచ్చావా అని పై నర్సు అడిగితే ఆతే కనుబొమలెత్తింది. ఇచ్చానని. ఆ పై నర్సుకి అది పొగరుగా కనబడింది. నన్నే అడుగుతావా అన్నట్టు చూస్తోందని పైకి రాసి పంపింది. ఆతేకి భయం పట్టుకుంది. ఇంట్లో ఉన్నంతసేపూ నుదుటికి అడ్డంగా, కట్లు కట్టే టేపు ముక్క అతికించుకుని తిరిగిందట. కనుబొమలు లేస్తే టేపు లాగుతుంది, వెంటనే తెలుస్తుంది. వంట చేస్తూ టేపు, ఇల్లు తుడుస్తూ టేపు. రెండు వారాలకి బయటివాళ్ళ ముందు ఆ అలవాటు చచ్చిపోయింది.

"అందుకే మా కొత్త నర్సు పిల్లలకి చెప్తాను, డ్యూటీ ఎక్కేముందు పర్సుతో పాటు కనుబొమలు కూడా లాకర్లో పెట్టి రండి అని. నువ్వు నీ మెడ పెట్టు," అంది.

నా చేత సాధన చేయించింది కూడా. కారిడార్లో ఎదురుపడిన ప్రతిసారీ ఏదో ఒకటి అడిగేది. టీ తాగావా, చేతులు కడిగావా, వాన పడుతోందా. నేను తల కదపకుండా నోటితో గట్టిగా చెప్పాలి. ఊగానంటే వేలితో నా గడ్డం పట్టుకుని ఆపేది. ఇంటికొచ్చాక మా ఆయన చారులో ఉప్పు వేశావా అని అడిగితే, యెస్, వేశాను అని పరేడ్‌లో జవాబిచ్చినట్టు అరిచేదాన్ని. నెలయ్యేసరికి మేనేజరు బ్రేకులు చూసుకోవడానికి వంగడం మానేశాడు. ఉద్యోగం నిలబడింది. ఆ రుణం నాకిప్పటికీ గుర్తే.

అలా వాళ్ళ గుంపులో చేరాను. మా సెంటర్లో ఏడెనిమిది మంది ఫిలిపినో నర్సులుండేవారు. మధ్యాహ్నం బ్రేక్ రూమ్‌లో కిటికీ పక్క బల్ల వాళ్ళది. అక్కడ కూర్చున్నాకే నాకు వాళ్ళు రెండు మొహాలతో బతుకుతున్నారని తెలిసింది. కారిడార్లో మొహాలు ఇస్త్రీ చేసినట్టుండేవి. బల్ల దగ్గర తలుపు మూసుకోగానే కనుబొమలు లేచేవి, మూతులు కదిలేవి. ఉప్పు సీసా ఎక్కడుందో వాళ్ళు వేలితో చూపించరు, పెదాలు ముందుకు పెట్టి చూపిస్తారు. మొదట్లో నాకు నవ్వొచ్చేది. తర్వాత నేనూ ఆ పెదాలు చూపించినవైపు చెయ్యి చాచి ఉప్పు అందుకోవడం నేర్చుకున్నాను.

ఏమేం మారిపోయాయో వాళ్ళే వరసగా చెప్పి నవ్వుకునేవారు. వాళ్ళ ఊళ్ళో అన్నం తింటూ ఉండగా ఎవరు కనబడినా, దారిన పోయేవాడైనా సరే, రండి తిందాం అనాలి. అవతలివాడు ఇప్పుడే తిన్నానని చెప్పి వెళ్ళిపోవాలి. ఇక్కడ కొత్తలో ఆతే అలాగే ఒక అమెరికన్ డాక్టర్ని పిలిచిందట. ఆయన నిజంగానే కుర్చీ లాక్కుని కూర్చుని ఆవిడ డబ్బా సగం ఖాళీ చేశాడు. అప్పట్నుంచి అమెరికన్లని పిలవడం మానేసింది. ఇంకోటి, ఎండుచేపలు. ఆ వాసనకి మైక్రోవేవ్ మీద నోటీసు అంటించారట ఎవరో. ఇప్పుడు ఎవరి ఇంట్లో వాళ్ళు, అదీ గరాజ్ తలుపెత్తి పెట్టుకుని వేయించుకుంటారు. ఆ మాట విని నాకు నవ్వాగలేదు. మా ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా పక్కింటి గుంటూరు వాళ్ళు చేపల పులుసు పెట్టేదీ గరాజ్‌లోనే. ఒకే దేశంలో రెండు దేశాల వాళ్ళం ఒకే పని చేస్తూ, ఎవరి గరాజ్‌లో వాళ్ళం ఒంటరిగా సిగ్గుపడుతున్నాం.

ఇలా మూడేళ్ళు గడిచాక, ఒక అక్టోబరులో, మా అంతస్తుకి ఒక ఫిలిపినో పెద్దాయన వచ్చారు. ఎనభై దగ్గర పడుతున్నాయి. కార్ల ఫ్యాక్టరీలో రంగులు వేసే విభాగంలో పనిచేసి రిటైరయ్యారట. స్ట్రోకు వచ్చి స్నానాలగదిలో పడిపోయారు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పూర్తిగా పోయింది. పడ్డప్పుడు మెడకి దెబ్బ తగిలింది కాబట్టి గడ్డం కింద గట్టి కాలరు వేశారు. తల అటూ ఇటూ తిప్పడానికి లేదు, ఊపడానికి అసలు లేదు.

రోజంతా ఆయన భార్య పక్కనే కూర్చునేవారు. పూలపూల స్వెటరు, ఒళ్ళో ప్లాస్టిక్ డబ్బాలు. డాక్టరు ఏం చెప్పినా యెస్ సర్, థాంక్యూ సర్ అనేవారు. ఆ మామ్మగారికి కావలసింది ఒక్కటే. ఆయనని ఇంటికి తీసుకెళ్ళాలి. ఎలాగైనా మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి బాత్రూమ్‌కి తనని పట్టుకుని నాలుగడుగులు వేయగలిగితే చాలు, తక్కినదంతా తను చూసుకుంటానని నాకు మొదటిరోజే చెప్పారు. మా దగ్గర పద్ధతి వేరు. ప్రతి గురువారం మీటింగ్ పెడతారు. పేషెంటు చెప్పింది అర్థం చేసుకుని చేస్తున్నాడు, మెరుగవుతున్నాడు అని మేం చూపించాలి. చూపించలేకపోతే థెరపీ ఆపేసి పై అంతస్తుకి పంపిస్తారు. అక్కడ మనిషిని శుభ్రంగా ఉంచుతారు, వేళకి తిండి పెడతారు, కానీ లేపి నడిపించరు. పైకి వెళ్ళినవాళ్ళు ఇంటికి వెళ్ళడం నేను ఆ మూడేళ్ళలో ఒక్కసారి కూడా చూడలేదు.

ఆయన విషయంలో చూపించడానికి మా దగ్గర ఏమీ లేదు. చెయ్యి నొక్కండి అంటే ఒకసారి నొక్కేవారు, మూడుసార్లు నొక్కేవారు కాదు. నొప్పిగా ఉందా, దాహంగా ఉందా అని ఎవరడిగినా ఒకటే చూపు. కళ్ళు పెద్దవి చేసి, ఉలిక్కిపడ్డట్టు. స్పీచ్ థెరపీ అమ్మాయి చార్టులో ప్రశ్నలు అర్థం కావడం లేదు, అన్నిటికీ ఆశ్చర్యపడుతున్నారు అని రాసింది. మేనేజరు అదే రాశాడు. నేనూ అదే రాశాను. ఒకసారి మామ్మగారు నవ్వుతూ, మీకు జవాబు చెప్తున్నారు అన్నారు నాతో. ఆ మాట ఎంతమంది భార్యల నోట విన్నానో. ఆవిడ భుజం తట్టి నా పని నేను చూసుకున్నాను. తల్చుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

రెండో గురువారం మీటింగ్ ఇక రేపనగా, బుధవారం మధ్యాహ్నం నేను బ్రేక్ రూమ్‌కి వెళ్ళాను. కిటికీ బల్ల దగ్గర ఒక కొత్త నర్సు, ఆతే తీసుకొచ్చిన పిల్లల్లో ఒకతి, నోటినిండా అన్నం పెట్టుకుని ఉంది. మైక్రోవేవ్‌లో ఎవరిదైనా ఉందా, ఖాళీయేనా అని అడిగాను. కనుబొమలెత్తింది. నేను నా పప్పన్నం డబ్బా లోపల పెట్టి మీట నొక్కాను. పళ్ళెం తిరుగుతోంది. అది చూస్తూ నిలబడ్డాను. ఆ అమ్మాయి నాకేం చెప్పింది? ఖాళీయేనని చెప్పింది. నాకెలా తెలిసింది? డబ్బా లోపలే వదిలేసి పరిగెత్తాను.

మామ్మగారు లేరు, కాఫీకి వెళ్ళినట్టున్నారు. నేను స్టూలు లాక్కుని ఆయన మొహానికి ఎదురుగా కూర్చున్నాను. స్ట్రోకు సగం మొహాన్ని వేలాడేస్తుంది గాని మామూలుగా నుదుటి జోలికి పోదు. ఇది నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న విషయం. ఆయన మూతి ఓ పక్కకి పోయినా నుదురు నిక్షేపంగా ఉంది. పన్నెండు రోజులుగా ఆ నుదురు నా ఎదురుగానే ఉంది.

మనం ఇప్పుడు చర్చిలో ఉన్నామా అని అడిగాను. ఏమీ లేదు. ఆసుపత్రిలాంటి చోట ఉన్నామా? కనుబొమలు లేచి దిగాయి. నేను మగవాడినా? ఏమీ లేదు, పైగా ఆ చూపులో ఇదేం ప్రశ్నన్నట్టు విసుగు. మీకు నొప్పిగా ఉందా? లేచాయి. భుజమా? లేదు. మోకాలా? లేచాయి. కుడిదా? లేచాయి.

నేను రోజూ వంచుతున్న మోకాలది. వంచిన ప్రతిసారీ నొప్పా అని అడిగాను, ఆయన ప్రతిసారీ అవునన్నారు, నేను ప్రతిసారీ ఆశ్చర్యం అని రాసుకుని మళ్ళీ వంచాను. నాకు ఏడుపొచ్చింది. క్షమించండి తాతగారూ అన్నాను, తెలుగులోనే. ఇంగ్లీషు గుర్తు రాలేదు.

ఆతే మందుల బండి దగ్గరుంది. నేను రొప్పుతూ చెప్పింది విని ఆవిడ మొహం గట్టిపడింది. ఆయన మా అందరికంటే ముందొచ్చాడు, ఈ దేశంలో నలభై ఏళ్ళ పైనే ఉన్నాడు అంది. అమెరికన్లతో ఫ్యాక్టరీలో పనిచేశాడు. అమెరికన్ల ముందు మాకు పోయినట్టే ఆయనకీ ఆ అలవాటు ఎప్పుడో పోయి ఉంటుంది, నువ్వు లేనిపోని ఆశ పెట్టకు అంది. నేను వాదించలేదు. చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళాను. ముప్పై ఏళ్ళ పెద్దరికాన్ని అలా లాగడానికి మామూలుగా అయితే నాకు ధైర్యం చాలదు.

మేం వెళ్ళేసరికి మామ్మగారు వచ్చేశారు. ఆతే మంచం దగ్గర నిలబడి వాళ్ళ భాషలో మెల్లిగా ఏదో అడిగింది. కనుబొమలు లేచాయి. ఇంకోటి అడిగింది. లేచాయి. మూడోది అడిగింది. లేవలేదు, కానీ ఆరోగ్యంగా ఉన్న సగం మూతి నవ్వింది. మీ భార్య వంట బాగా చేయదు కదా అని అడిగానని తర్వాత చెప్పింది నాకు.

ఆతే మామ్మగారి వైపు తిరిగి కాస్త కోపంగానే ఏదో అంది. మామ్మగారు తల వంచుకుని సమాధానం చెప్పారు. నాకు ఇంగ్లీషులో విప్పి చెప్పింది ఆతే. పోయిన గురువారం మీటింగ్‌లో, నేను రాకముందే, ఆయనకి ఏమీ అర్థం కావడం లేదు, మీరు ఒప్పుకుంటారా అని మేనేజరు అడిగాడట. ఈవిడ నవ్వి యెస్ సర్ అన్నారట. అంత పెద్దమనిషిని అందరి ముందూ మీరు తప్పు అని ఎలా అంటాను అంటున్నారు మామ్మగారు. నాకు ఆవిడ మీద కోపం రాలేదు. మా నాన్న బతికినన్నాళ్ళూ డాక్టర్ల దగ్గర అలాగే సరేనండీ, సరేనండీ అనేవాడు.

ఆతే మళ్ళీ ఆయన మొహంలోకి చూసింది. తర్వాత నాతో అంది.

"రోజూ రెండుసార్లు ఈయనకి మందులిచ్చాను. రెండుసార్లూ నొప్పి ఉందా అని అడిగాను. కంప్యూటర్ చూస్తూ అడిగాను."

గ్లౌజులు తీసి చెత్తబుట్టలో వేసింది. ఆయన ఎడమచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, వంగి, ఆ చేతి వెనక భాగాన్ని తన నుదుటికి ఆనించుకుంది. వాళ్ళలో పెద్దవాళ్ళ దగ్గర దీవెన తీసుకునే పద్ధతి అది. అమెరికా వచ్చాక ఆవిడ ఎవరి దగ్గరా అలా వంగగా నేను చూడలేదు. ఇక్కడ పేషెంట్ల ముందు వంగకూడదు, నిటారుగా నిలబడి చెప్పాలి, అనేది ఆవిడే. ఆ తర్వాత అలవాటు కొద్దీ వెళ్ళి శానిటైజర్ రాసుకుంది, అది వేరే సంగతి.

ఆ సాయంత్రం నాకు అన్నం సయించలేదు. మీటింగ్‌లో మేనేజరు రాసింది తప్పని నేను చెప్పాలి. నేను రాసింది కూడా తప్పని చెప్పాలి. నా గ్రీన్ కార్డు కాగితాలు ఆ కంపెనీ చేతిలోనే ఉన్నాయి. మా ఆయనకి చెప్తే ఆయన కంచంలోంచి తలెత్తలేదు.

"గ్రీన్ కార్డ్‌కి డేట్ ఎప్పుడొస్తదో ఎవరికీ తెల్వదు. ఆ తాతకి మాత్రం రేపే కదా. ముందు అది చెప్పేయ్," అన్నాడు. ఆయనది కరీంనగర్. తేల్చి చెప్పడం వాళ్ళ సొత్తు.

గురువారం పదింటికి అందరం తాతగారి మంచం చుట్టూ నిలబడ్డాం. మేనేజరు చేతిలోని టాబ్లెట్ తెర చూస్తూ పై అంతస్తులో గది ఖాళీ అయిందని మొదలుపెట్టాడు. నేను ఆపాను. తల కదపకుండా, నోటితో, ఆతే నేర్పినట్టు ఒక్కొక్క మాటా స్పష్టంగా చెప్పాను. ఆయనకి అర్థమవుతోంది, కనుబొమలతో జవాబిస్తున్నారు, మనం చూసుకోలేదు, నా నోట్సు కూడా తప్పే అని. మేనేజరు టాబ్లెట్ దించాడు. కోపం తెచ్చుకోలేదు. తాతగారి మొహానికి దగ్గరగా వంగి, నేను చెప్పేది మీకు అర్థమవుతోందా అని అడిగాడు.

ఏమీ లేదు.

మళ్ళీ అడిగాడు. తాతగారు ఆయన్నే చూస్తున్నారు. నుదురు కదల్లేదు. అంతమంది తెల్లకోట్ల వాళ్ళు ఒకేసారి మొహంలోకి చూస్తుంటే, నలభై ఏళ్ళు అమెరికన్ల ముందు నుదురు బిగపట్టుకుని బతికిన మనిషి మళ్ళీ బిగపట్టుకున్నారేమో. మామ్మగారు ఒళ్ళోని డబ్బాని రెండు చేతులా పట్టుకున్నారు. మేనేజరు నా వైపు తిరిగాడు, జాలిగానే.

అప్పుడు మంచం కాళ్ళ వైపు నిలబడ్డ ఆతే కనుబొమలెత్తింది. బ్రేక్ రూమ్‌లో కాదు, తలుపు మూసుకుని కాదు. డ్యూటీలో, మేనేజరు ఎదురుగా, తాతగారి కళ్ళలోకి చూసి, వీధికి అవతలనున్న సొంత మనిషిని పలకరించినట్టు ఎత్తింది. ముప్పై ఏళ్ళు డ్యూటీలో కట్టేసినా ఆ నుదురు ఏమీ మరిచిపోలేదు.

తాతగారి కనుబొమలు లేచి పలికాయి.

ఇప్పుడడగండి అంది ఆతే. మేనేజరు అడిగాడు. మీ భార్య ఈ గదిలో ఉన్నారా? లేచాయి. నేను మీ కొడుకునా? లేవలేదు. మీకు ఇంటికి వెళ్ళాలనుందా? లేచాయి, దిగాయి, మళ్ళీ లేచాయి. ఆయన అలా ఇంకో ఐదారు అడిగాడు. ఆఖరికి టాబ్లెట్ మూసేసి, రెండు వారాలుగా నేను ఈయన ఆశ్చర్యపడుతున్నారని రాస్తున్నాను అన్నాడు, తనలో తను అనుకున్నట్టు. మామ్మగారి ముందు మోకాళ్ళ మీద కూర్చుని క్షమాపణ చెప్పాడు. ఆవిడ యెస్ సర్, థాంక్యూ సర్ అంటూ ఏడ్చారు. పై అంతస్తు గది ఇంకెవరికో ఇచ్చారు.

ఆ సాయంత్రమే తాతగారి తలగడ పైన గోడకి ఒక కాగితం అంటించాం. కనుబొమలెత్తితే అవునని అర్థం, అడిగేటప్పుడు మొహం చూడండి అని. ఆతే చేతిరాత అది. కొత్త నర్సులకి ఆవిడ ఇప్పుడు చెప్పే మాట కూడా కొంచెం మారింది. కనుబొమలు లాకర్లో పెట్టండి, కానీ తాళం చెవి పారేసుకోకండి అంటోంది. నేను ఆతే దగ్గర మెడ నిలబెట్టడం నేర్చుకున్నాను, దానితో ఉద్యోగం చేసుకుంటున్నాను. ఆ బల్ల దగ్గర ఎవరూ నేర్పకుండానే ఇంకోటి నేర్చుకున్నాను, అది ఒక మనిషిని ఇంటికి పంపింది. రెండిటికీ ఆవిడకే దణ్ణం పెట్టుకుంటాను.

ముందు మోకాలికి మందు మొదలైంది. తర్వాత నిలబడటం, తర్వాత ఒక అడుగు. అడుగు అడుగుకీ నేను ఆయన నుదురు చూసి నొప్పా, ఆపమంటారా అని అడిగేదాన్ని. ఆయన విసుక్కునేవారు కూడా. కాలరు తీసేశాక తల ఊపడం వీలైనా ఊపలేదు, కనుబొమలే వాడారు. అందరికీ అలవాటైపోయింది. ఐదు వారాలకి మామ్మగారిని పట్టుకుని మంచం నుంచి బాత్రూమ్ గుమ్మం దాకా నడిచారు. ఆవిడ అడిగిన నాలుగడుగుల కంటే మూడెక్కువ.

ఇంటికి వెళ్ళే రోజు మంచు పడింది. వీల్‌చైర్‌లో ముందు తలుపు దాకా తోసుకొచ్చాను. బయట కారు తలుపు తెరిచి మామ్మగారు నిలబడ్డారు. ఆవిడ తెచ్చిన నూడుల్స్ డబ్బా అప్పటికే నా చంకలో ఉంది. వద్దంటే ఆతే ఒప్పుకోలేదు. మేనేజరు కూడా సాగనంపడానికి వచ్చాడు. తాతగారిని లేపడానికి ఆయన ఒక పక్క, నేను ఒక పక్క నిలబడ్డాం. ఆయన అలవాటుగా అడిగాడు, బ్రేకులు వేశావా అని.

నోరు తెరిచేలోగానే మూడేళ్ళు కట్టేసుకున్న తల ఆ పక్కకీ ఈ పక్కకీ ఊగింది. మేనేజరు నన్ను చూడలేదు. కుర్చీలో కూర్చున్న తాతగారి మొహం చూస్తున్నాడు. ఆ కనుబొమలు లేచి దిగాయి.

"గుడ్," అన్నాడు మేనేజరు. చక్రాల దగ్గర వంగి చూసుకోలేదు. తాతగారి భుజం కింద చెయ్యి వేసి లేపాడు.